ప్లస్ వన్ విలువ ఎంత?

(టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు నడపడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇవాళ బోనస్‌లు, పెనాల్టీల గురించి మాట్లాడమన్నారు. ఆట నడిపేవాళ్లను ఆటగాళ్లు అడిగే ప్రశ్నల్లో చాలా భాగం వీటి చుట్టూనే తిరుగుతాయి. "అన్నా, నేను గోడెక్కి వాడి మీదికి దూకుతున్నా, ప్లస్ ఎంతిస్తావ్?" "అక్కా, చీకటిగా ఉందన్నావు కదా, మరి వాడికి మైనస్ లేదా?" రూల్ బుక్ ఇంగ్లీషులో ఉంటుంది గానీ బేరం మాత్రం తెలుగులోనే సాగుతుంది. ఆ బేరం ఎక్కడ తెగాలో, ఎందుకు అక్కడే తెగాలో మాట్లాడుకుందాం.

ఎప్పుడూ ఆడనివాళ్లు కూడా వచ్చారు కాబట్టి ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. ఒకరు గేమ్ మాస్టర్, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. మాస్టర్ పరిస్థితి చెబుతాడు, మీ పాత్ర ఏం చేస్తుందో మీరు చెబుతారు. అవుతుందో కాదో తేలని చోట పాచిక వేస్తారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో అయితే అది ఇరవై ముఖాల పాచిక, డీ20. పడిన అంకెకు మీ పాత్ర సత్తాను బట్టి కొంత కలుపుతారు. మొత్తం కలిపి లక్ష్యాన్ని చేరితే పనైనట్టు. కొట్లాటలో ఆ లక్ష్యం పేరు ఆర్మర్ క్లాస్, క్లుప్తంగా ఏసీ. మీకిది చాలు, మిగతాది ఆడుతుంటే వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు దాన్ని ఎంతైనా కొట్టిపారేయొచ్చు. పాచిక వెయ్యకముందు ఆటగాడు తీసుకునే నిర్ణయాన్ని మార్చగలిగితేనే బోనస్‌కి పనుంది. మార్చకపోతే అది వట్టి కూడిక. పెనాల్టీ సంగతీ అంతే. వచ్చే పెనాల్టీని చూసి ఆటగాడు "అయితే ఇంకో దారి చూస్తా" అనాలి. "అయితే ఏమీ చెయ్యను" అన్నాడంటే ఆ పెనాల్టీ ఆటను చంపుతోందని అర్థం.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. భయపడకండి, ఆరో తరగతి లెక్కే.

డీ20లో ఒక్కో ముఖానికి నూటికి ఐదు వంతులు. అంటే ప్లస్ వన్ వల్ల సగటున ఇరవై రోల్స్‌లో ఒక్కటే ఫలితం మారుతుంది. అందుకే కొత్త ఆటగాడికి ఎంతో కష్టపడ్డాక ప్లస్ వన్ కత్తి దొరికితే మొహం చిన్నబోతుంది. "ఇంతేనా?" అంటాడు. కానీ ఆ ఐదు ఎక్కడ పడిందన్నది చూడాలి. మీ ఫైటర్‌కి, అంటే ఆయుధం పట్టి పోరాడే పాత్రకి, 11 పడాలనుకోండి, 50 శాతం కాస్తా 55 అవుతుంది. నిజమే, పెద్దగా తెలియదు. అదే ఎదురుగా డ్రాగన్ ఉంది, 19 పడితే గానీ తగలదు. ప్లస్ వన్‌తో 10 శాతం 15 అయింది. పెరిగింది అదే ఐదు, కానీ తగిలే దెబ్బలు ఒకటిన్నర రెట్లయ్యాయి. ఇప్పుడు రెండో కొస చూడండి. 3 పడితే చాలు. 90 శాతం 95 అవుతుంది, అంటే తప్పే సందర్భాలు సగానికి సగం తగ్గిపోయాయి. తెగబోతున్న వంతెన మీద పరిగెత్తేవాడికి ఆ సగమే ప్రాణం. కాబట్టి "ప్లస్ వన్ ఎంత?" అని అడిగితే, మీరు ఎక్కడ నిలబడి అడుగుతున్నారో ముందు చెప్పండి అనాలి.

ఇది ఒక్క పాచిక వేసే ఆటల సంగతి. మూడు పాచికలు కలిపి వేసే ఆటల్లో కథ వేరు. 1986లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ తెచ్చిన గర్ప్స్‌లో మామూలు ఆరు ముఖాల పాచికలు మూడు వేస్తారు. మీ నైపుణ్యం అంకె గానీ, అంతకంటే తక్కువ గానీ పడాలి. మూడు పాచికల మొత్తం ఎక్కువసార్లు మధ్యలోనే పడుతుంది కదా, అందుకని మధ్యలో ఉన్నవాడికి ఒక్కో పాయింట్ చాలా బరువు. నైపుణ్యం 10 ఉంటే 50 శాతం, 11 ఉంటే 62.5 శాతం. ఒక్క పాయింట్‌కి పన్నెండున్నర! 15 నుంచి 16కి వెళితే మాత్రం 95.4 కాస్తా 98.1 అవుతుంది. మూడు కూడా లేదు.

దీని అసలు అందం పెనాల్టీలో కనిపిస్తుంది. చీకట్లో విల్లు ఎక్కుపెట్టారు, మైనస్ నాలుగు అనుకోండి. నైపుణ్యం 16 ఉన్న విలుకాడు 12కి దిగుతాడు, ఇంకా 74 శాతం ఉంది. నైపుణ్యం 10 ఉన్నవాడు 6కి దిగుతాడు, 9 శాతం చిల్లర. ఇద్దరికీ అదే చీకటి, అదే మైనస్ నాలుగు. ఒకడు కొంచెం ఇబ్బంది పడ్డాడు, ఇంకొకడు విల్లు కింద పెట్టేయాల్సిందే. డీ20లో ఇది రాదు. అక్కడ మైనస్ నాలుగు అంటే చివరల దగ్గర తప్ప అందరికీ ఇరవై శాతం కోతే. నిజం చెప్పాలంటే, నిపుణుడిని నిపుణుడిలా చూపించడంలో మూడు పాచికల ముందు డీ20 దిగదుడుపే. అయినా నేను ఎక్కువగా నడిపేది డీ20 ఆటలే, ఎందుకంటే ఇరవై పడ్డప్పుడు టేబుల్ మొత్తం లేచి అరిచే అరుపు మూడు పాచికలకు రాదు.

కొంచెం చరిత్ర. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో, విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారు చేశారు. వాళ్లు వార్‌గేమ్స్ నుంచి, అంటే బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధాల నుంచి వచ్చినవాళ్లు. ఆ రోజుల్లో, ఆ తర్వాత 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో కూడా, ఏసీ ఎంత తక్కువైతే అంత మంచిది. రెండో ఎడిషన్‌లో అయితే కవచం లేనివాడికి 10, బాగా రక్షణ ఉన్నవాడికి సున్నా, ఇంకా దిట్టంగా ఉంటే మైనస్‌లోకి పోయేది. అంటే ప్లస్ వన్ కవచం తొడుక్కుంటే మీ ఏసీ ఒకటి తగ్గుతుంది! ప్లస్ అంటే మైనస్, మైనస్ అంటే మేలు. థాకో అనే లెక్క ఒకటి ఉండేది, దాంట్లోంచి ఎదుటివాడి ఏసీ తీసేస్తే మీకు ఎంత పడాలో వచ్చేది. ఎదుటివాడి ఏసీ మైనస్ మూడు అయితే, తీసేయడం అంటే కలపడం. రాత్రి పదకొండింటికి, బిర్యానీ తిన్నాక, ఆ లెక్క చేసి చూడండి.

2000లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్లు మూడో ఎడిషన్ తెచ్చి ఈ గోలంతా సరిచేశారు. ప్లస్ ఎప్పుడూ మంచిదే, మైనస్ ఎప్పుడూ చెడ్డదే, ఎక్కువ పడితే ఎప్పుడూ మేలే. ఇవాళ ఇది చాలా మామూలుగా అనిపిస్తుంది గానీ, దీనికి ఇరవై ఆరేళ్లు పట్టింది.

అయితే ఒక గోల పోయి ఇంకోటి వచ్చింది. బోనస్ మీద బోనస్ పేర్చడం. "అన్నా, ఇది దాంతో స్టాక్ అవుతుందా?" అన్న ప్రశ్న టేబుల్ మీదకు వచ్చింది. ఎవరైనా అన్ని రకాల మంత్రాలూ పోగేసుకుని ఒకేసారి వేసుకుంటే ఆట పాడవుతుంది కాబట్టి, ప్రతి బోనస్‌కీ ఒక రకం పేరు తగిలించారు. ఎన్‌హాన్స్‌మెంట్, మొరాల్, లక్, డిఫ్లెక్షన్, కాంపిటెన్స్, ఇన్‌సైట్, సేక్రెడ్, ప్రొఫేన్, ఇంకా చాలా. ఒకే రకానివి రెండు వస్తే పెద్దదే లెక్కలోకి వస్తుంది. డాడ్జ్ లాంటి వాటికి మినహాయింపు. పెనాల్టీలు మాత్రం మామూలుగా అన్నీ కలిసి మీద పడతాయి.

ఇది టేబుల్ మీద ఎలా ఉంటుందో చూద్దాం. 2003లో వచ్చిన 3.5 నియమాలు, అంటే మూడో ఎడిషన్‌కి సవరణ. ఆరో లెవెల్ ఫైటర్. కొట్టేటప్పుడు పాచికకు కలిపే మూల అంకె, అంటే బేస్ ఎటాక్, 6, బలానికి 3, మాయ కత్తికి 1. క్లెరిక్, అంటే దేవుడి పేర మంత్రాలు వేసే పాత్ర, బ్లెస్ అనే మంత్రం వేశాడు, ఇంకో 1, అది మొరాల్ రకం. తర్వాత ప్రేయర్ వేశాడు, ఇంకో 1, అది లక్ రకం, కాబట్టి రెండూ కలుస్తాయి. మంత్రగత్తె పాత్ర విజర్డ్ హేస్ట్ అనే మంత్రం వేసింది, ఇంకో 1. దొంగచాటుగా కొట్టే పాత్ర రోగ్ వెళ్లి శత్రువుకి అవతలి పక్క నిలబడింది, ఇద్దరి మధ్యా చిక్కాడు కాబట్టి ఫ్లాంకింగ్‌కి 2. మొత్తం 15. ఫైటర్ ఆడే అతను వేళ్ల మీద లెక్కపెడుతూ మధ్యలో ఎక్కడో తప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అప్పుడు పాటతో సాయం చేసే పాత్ర బార్డ్‌ని ఆడే కుర్రాడు లేచి, "నేను పాట అందుకుంటున్నా! అందరికీ ఎటాక్‌లో ప్లస్ వన్!" అన్నాడు. పక్కనున్నావిడ పుస్తకం తిప్పి, "తమ్ముడూ, అది కూడా మొరాలే" అంది. అంటే బ్లెస్ ఉన్నంతసేపూ, గురికి సంబంధించినంత వరకు, ఆ పాట ఉన్నా లేనట్టే. దెబ్బ బలానికి ఒకటి కలుస్తుందనుకోండి, అయినా ఆ కుర్రాడి మొహం చూడాలి.

ఈ దృశ్యంలో రెండు విషయాలు గమనించండి. రోగ్ అవతలి పక్కకు వెళ్లింది చూడండి, అది బోనస్ కోసం చేసిన పని. అక్కడికి వెళ్లడానికి శత్రువు పక్కనుంచి పోవాలి, దెబ్బ తగలొచ్చు. ప్లస్ టూ కోసం ఒక మనిషి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు కదిలాడంటే ఆ బోనస్ ఆటలో పనిచేసినట్టే. కానీ కత్తి మీద ప్లస్ వన్ ఎవరితోనూ ఏ పనీ చేయించలేదు. అది ఎప్పుడూ ఉంటుంది, ఇక కనబడదు. ఎప్పుడూ ఉండే బోనస్ కూరగాయల బండి దగ్గర కొసరు లాంటిది. రోజూ వేస్తుంటే దాన్ని ఎవరూ కొసరు అనుకోరు, తూకంలో భాగమే అనుకుంటారు. లెవెల్ పెరిగేకొద్దీ ఆటగాళ్ల ప్లస్‌లు పెరుగుతాయి, వాటికి తగ్గట్టు రాక్షసుల ఏసీ పెరుగుతుంది. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో అయితే లెవెల్‌లో సగం దాదాపు ప్రతి రోల్‌కీ కలిపేవారు, అవతలి అంకెలూ దాంతోపాటే పెరిగేవి. ఎదురుగా మీ స్థాయి శత్రువే ఉంటే కొట్టడానికి పడాల్సిన అంకె అప్పుడూ ఇప్పుడూ ఇంచుమించు అదే. పాత్ర వివరాలు రాసుకునే షీటు మీద అంకె చూసుకుని మురిసిపోవడానికి పనికొస్తుంది, కాదనను. దానికీ ఒక సుఖం ఉంది.

2014లో ఐదో ఎడిషన్ వచ్చినప్పుడు వీటిలో చాలా వరకు కత్తిరించేశారు. చిన్న చిన్న ప్లస్‌లు, మైనస్‌లు తీసేసి వాటి స్థానంలో అడ్వాంటేజ్, డిస్అడ్వాంటేజ్ పెట్టారు. పరిస్థితి మీకు అనుకూలంగా ఉంటే రెండు డీ20లు వేసి పెద్దది తీసుకోండి, ప్రతికూలంగా ఉంటే చిన్నది తీసుకోండి. కూడిక లేదు, రకాల పేర్లు లేవు. ఎనిమిదేళ్ల పిల్లకు ఒక్కసారి చెబితే చాలు.

దీని లెక్క చాలా తెలివైనది. 11 పడాల్సిన చోట 50 శాతం ఒక్కసారిగా 75 అవుతుంది, ప్లస్ ఐదు ఇచ్చినట్టు. కానీ 20 పడాల్సిన చోట 5 శాతం 9.75 అవుతుంది, ప్లస్ వన్ అంత కూడా కాదు. అంటే అడ్వాంటేజ్ సగం సగం అవకాశం ఉన్నవాడికి బాగా సాయం చేస్తుంది, అసాధ్యాన్ని మాత్రం సాధ్యం చెయ్యదు. ఎంత అనుకూలించినా మీ గరిష్ఠం మారదు, ఇరవై దాటి పడదు కదా. పైగా చేతిలో రెండు పాచికలు దొర్లుతుంటే ఆ అనుభూతే వేరు. మొదటిది 3 పడి ఉస్సూరన్నాక రెండోది 17 పడితే, ఆ సాయం కళ్లకు కనిపిస్తుంది. ప్లస్ ఐదుతో 3ని 8 చేసుకుంటే ఎవరూ చప్పట్లు కొట్టరు.

కాల్ ఆఫ్ కథుల్హు అనే భయం పుట్టించే ఆట ఏడో ఎడిషన్ వాళ్లు కూడా ఇదే దారిలో వెళ్లారు. నూటికి ఇంత అని నైపుణ్యం ఉంటుంది, పడిన అంకె దాన్ని మించకూడదు. పదుల స్థానానికి ఇంకో పాచిక వేసి, బోనస్ అయితే తక్కువది, పెనాల్టీ అయితే ఎక్కువది తీసుకుంటారు. నైపుణ్యం 20 ఉన్నవాడికి బోనస్ పాచిక వస్తే 36 శాతం అవుతుంది. చెప్పి ముందుకు పోతున్నాను, ఆ ఆట గురించి మాట్లాడాలంటే ఇంకో ఆదివారం కావాలి.

అడ్వాంటేజ్‌లో చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒక అడ్వాంటేజ్‌కీ పది అడ్వాంటేజ్‌లకీ తేడా లేదు. ఒక్క డిస్అడ్వాంటేజ్ వస్తే ఎన్ని ఉన్నా అన్నీ రద్దు. దీనివల్ల పుట్టే విచిత్రం ఒకటి చెబుతాను, విన్నాక మీ టేబుల్ మీద ఎవడో ఒకడు కచ్చితంగా వాడతాడు. విలుకాడు చాలా దూరం నుంచి బాణం వేస్తున్నాడు. లాంగ్ రేంజ్ కాబట్టి డిస్అడ్వాంటేజ్. సరే, మధ్యలో ఎవరో మాయ పొగమంచు కమ్మించారు. ఇప్పుడు విలుకాడికి శత్రువు కనబడడు, ఇంకో డిస్అడ్వాంటేజ్. కానీ శత్రువుకి కూడా విలుకాడు కనబడడు, కనబడనివాడు కొడితే అడ్వాంటేజ్. ఒక అడ్వాంటేజ్, రెండు డిస్అడ్వాంటేజ్‌లు, అన్నీ రద్దు. మామూలుగా ఒక్క పాచిక. అంటే 2014 నియమాల ప్రకారం, దూరంలో ఉన్న శత్రువును కొట్టాలంటే పొగమంచు ఉంటేనే మేలు! మీ టేబుల్ మీద ఇది వస్తే నియమం చూపించి వాదించకండి. మాస్టర్‌గా మీరే నవ్వేసి, "లేదమ్మా, నీకేం కనబడటం లేదు, డిస్అడ్వాంటేజ్‌తోనే వెయ్యి" అనండి. ఆ అధికారం మీకుంది.

నాకు దీనికంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. ఒక అడ్వాంటేజ్ దొరికాక ఇంకోటి వెతకడానికి కారణం లేదు. మొదటివాడు శత్రువును కింద పడేశాడు, అడ్వాంటేజ్ వచ్చింది. రెండో అమ్మాయి కళ్లలో ఇసుక కొట్టాలనుకుంది, దేనికి? అప్పటికే ఉంది కదా. "సరే, నేనూ కొడతా" అంటుంది. ఇసుక ఆలోచన అక్కడే చచ్చిపోయింది. చిన్న చిన్న ప్లస్‌ల ఆటలో ఆ ఇసుకకి కూడా చోటుండేది.

2019లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఇంకో డీ20 ఆట రెండో ఎడిషన్ ఈ రెంటికీ మధ్య దారి పట్టింది. ప్లస్‌లు ఉన్నాయి, కానీ రకాలు మూడే. పరిస్థితి వల్ల వచ్చేది సర్కమ్‌స్టెన్స్, మంత్రం లేదా మనసు స్థితి వల్ల వచ్చేది స్టేటస్, వస్తువు వల్ల వచ్చేది ఐటెమ్. పెనాల్టీలకూ ఇవే రకాలు, పైన రకం లేనివి కొన్ని. నియమం పాతదే, ఒకే రకంలో పెద్దదే చెల్లుతుంది. అసలు మార్పు ఇంకోచోట ఉంది. లక్ష్యాన్ని పది లేదా అంతకంటే ఎక్కువ దాటితే అది క్రిటికల్, దెబ్బ రెట్టింపు. ఈ ఒక్క నియమంతో ప్లస్ వన్ బతుకే మారిపోయింది.

లెక్క చూడండి. మీ ఎటాక్ ప్లస్ 9, శత్రువు ఏసీ 19. 10 పడితే తగులుతుంది, 20 పడితే క్రిటికల్. అంటే పది ముఖాలు మామూలు దెబ్బ, ఒక ముఖం రెట్టింపు దెబ్బ. ఇప్పుడు బ్లెస్ వల్ల ప్లస్ వన్. 9 పడితే తగులుతుంది, 19, 20 రెండూ క్రిటికల్. మామూలు దెబ్బ ముఖాలు పదే ఉన్నాయి, క్రిటికల్ ముఖాలు రెండయ్యాయి. సగటున దెబ్బ ఆరో వంతు పెరిగింది, ఒక్క ప్లస్ వన్‌తో. ఇంకా ఉంది. మీ స్నేహితురాలు అవతలి పక్కకు వెళ్లింది, ఇద్దరి మధ్య చిక్కిన శత్రువు ఏసీ రెండు తగ్గింది. ఇంకొకతను గట్టిగా గద్దించి శత్రువును బెదరగొట్టాడు, ఏసీ ఇంకో ఒకటి తగ్గింది. మొత్తం నాలుగు తేడా. ఇప్పుడు 6 పడితే తగులుతుంది, 16 నుంచి క్రిటికల్, ఐదు ముఖాలు. మొదట ఉన్నదానికి మీ సగటు దెబ్బ ఒకటీ ముప్పాతిక రెట్లకు కొంచెం తక్కువ. కత్తి పట్టుకున్నవాడు అదే, కత్తీ అదే. ఆ పెరిగినదంతా మిగతా ముగ్గురి చలవ.

ఇదే ఆటలో నాకు బాగా నచ్చిన పెనాల్టీ ఉంది. ఒక్కో వంతులో మూడు పనులు చెయ్యొచ్చు. మూడుసార్లూ కొట్టొచ్చు. కానీ రెండో దెబ్బకి మైనస్ 5, మూడో దెబ్బకి మైనస్ 10. పై లెక్కలోనే, ఎవరి సాయమూ లేకుండా చూస్తే, మూడో దెబ్బ తగలాలంటే 20 పడాలి. ఐదో ఎడిషన్ నుంచి వచ్చినవాళ్లు మొదటి రోజు మూడుసార్లూ కొడతారు, మూడోది గాల్లో పోతుంది. మా టేబుల్ మీద ఒకమ్మాయి రెండో వారానికే అడిగింది, "ఆ మూడోది కొట్టకపోతే ఇంకేం చెయ్యొచ్చు?" నాకు కావలసింది ఆ ప్రశ్నే. డాలు ఎత్తి పట్టుకోవచ్చు, ఏసీకి ప్లస్ టూ. ఒక అడుగు వెనక్కి వెయ్యొచ్చు, అప్పుడు శత్రువు మీ దగ్గరికి రావడానికి వాడి మూడు పనుల్లో ఒకటి ఖర్చు పెట్టాలి. వాణ్ణి బెదిరించవచ్చు, దానికి ఈ మైనస్ వర్తించదు. ఇక్కడ పెనాల్టీ ఏ పనినీ నిషేధించలేదు. వేరే పనులను గుర్తు చేసిందంతే.

ఆటగాడు తనంతట తాను నెత్తిన వేసుకునే పెనాల్టీలు ఇంకా రుచి. 2014 నియమాల్లో గ్రేట్ వెపన్ మాస్టర్ అని ఒక ఫీట్, అంటే పాత్ర ఎంచుకునే ప్రత్యేక సత్తా, ఉండేది. గురిలో మైనస్ 5 తీసుకో, తగిలితే దెబ్బకి ప్లస్ 10. తీసుకోవాలా వద్దా? ఎటాక్ ప్లస్ 7, పెద్ద కత్తి సగటు దెబ్బ 11 అనుకుందాం. ఏసీ 13 ఉన్నవాడి మీద మామూలుగా కొడితే 75 శాతం తగులుతుంది, సగటున 8.25. మైనస్ తీసుకుంటే 50 శాతమే, కానీ సగటు 10.5. తీసుకోవాల్సిందే. ఏసీ 19 ఉన్నవాడి మీద అయితే మామూలుగా 4.95, మైనస్ తీసుకుంటే 4.2. తీసుకోకూడదు. మరి ఎదుటివాడి ఏసీ ఎంతో ఆటగాడికి తెలియదు కదా! వాడి కవచం చూసి, ఇందాక 15తో తగిలిందా లేదా గుర్తుంచుకుని, ఊహించాలి. టేబుల్ మీద అందరూ ముందుకు వంగుతారు. 2024 నియమాల్లో ఈ బేరం తీసేసి, దెబ్బకి మామూలుగా కొంత కలిపారు. లెక్కలు బాగా వచ్చినవాళ్లే ఎక్కువ లాభపడుతున్నారు, మిగతావాళ్లు వెనకబడుతున్నారు అన్నది వాదన. వాదనలో నిజముంది. నాకు మాత్రం ఆ పాత టెన్షన్ ఇష్టం.

ఇప్పుడు చెడ్డ పెనాల్టీల సంగతి. గాయపడ్డవాడికి మైనస్ పెట్టడం. వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది. కాలు విరిగినవాడు సరిగ్గా ఎలా కొడతాడు? 1991లో వచ్చిన వాంపైర్ ది మాస్కరేడ్ అనే ఆటలో గాయం ముదిరేకొద్దీ మీరు వేసే పాచికలు తగ్గిపోతాయి, ఒకటి, రెండు, చివరికి ఐదు. సావేజ్ వరల్డ్స్ అనే ఆటలో ఒక్కో గాయానికి మైనస్ వన్, మూడు దాకా. దీనితో ఏమవుతుందంటే, మొదటి దెబ్బ తిన్నవాడు సరిగ్గా కొట్టలేడు, కొట్టలేడు కాబట్టి ఇంకో దెబ్బ తింటాడు, అప్పుడు అసలే కొట్టలేడు. ఊబిలో దిగినట్టే. ఎవరు గెలుస్తారో మొదటి రెండు రోల్స్‌లో తేలిపోయి మిగతా గంట లాంఛనంగా సాగుతుంది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క, ఒకటి మిగిలినా మీరు పూర్తి బలంతో కొడతారు. వాస్తవం కాదని చాలామంది వెక్కిరిస్తారు. కానీ చివరి హిట్ పాయింట్‌తో గెలిచిన కథే కదా మనం ఏళ్ల తరబడి చెప్పుకునేది!

అలాగని గాయానికి పెనాల్టీ ఉండకూడదని కాదు. భయం పుట్టించే ఆటల్లో ఊబి ఉండాల్సిందే, అక్కడ కత్తి తియ్యకముందే పారిపోవాలనిపించాలి. లేదా గర్ప్స్‌లో లాగా చెయ్యండి. దెబ్బ తగిలిన వెంటనే నొప్పికి మైనస్ వస్తుంది, నాలుగు దాకా, కానీ తర్వాతి వంతు అయ్యేసరికి పోతుంది. పాత్‌ఫైండర్‌లో భయం కూడా ఇంతే, ఒక్కో వంతు చివర ఒకటి తగ్గుతుంది. ఎప్పుడు పోతుందో తెలిసిన పెనాల్టీని ఆటగాడు ఓర్చుకుంటాడు. ఈ ఒక్క వంతు దాక్కుని మళ్లీ వస్తానంటాడు.

ఫేట్ అనే ఆటలో ఇంకో చమత్కారం ఉంది. మీ పాత్రకున్న బలహీనత, ఉదాహరణకి అప్పులు, కథలో మిమ్మల్ని ఇబ్బంది పెడితే, దానికి ఒప్పుకున్నందుకు మీకు ఒక ఫేట్ పాయింట్ ఇస్తారు. తర్వాత ఆ పాయింట్ ఖర్చు పెట్టి ప్లస్ టూ తీసుకోవచ్చు. అంటే ఆటగాళ్లే వచ్చి, "అన్నా, ఇక్కడ నా అప్పులవాడు వస్తే బాగుంటుంది కదా?" అని అడుగుతారు. కష్టాలను బతిమాలి తెచ్చుకుంటారన్నమాట.

టేబుల్ దగ్గర మీరు రేపటి నుంచే చెయ్యగలిగేవి కొన్ని చెబుతాను. బోనస్ ఎంతో రోల్‌కి ముందే చెప్పండి. "వెయ్యి, చూద్దాం" అని వేయించి, పడిన అంకె చూశాక ప్లస్ టూ ఇస్తే, అది దయ అవుతుంది గానీ బోనస్ కాదు. ఆటగాడు దాన్ని చూసి నిర్ణయం తీసుకునే అవకాశమే లేకపోయింది. పైకప్పు మీంచి దూకితే ప్లస్ టూ, కానీ గురి తప్పితే నువ్వు కింద పడి ఉంటావు అని ముందే చెప్పండి. దూకుతాడో మానుతాడో వాడి ఇష్టం.

ఇంకోటి, బోనస్ వల్లే పనైతే ఎవరి బోనసో పైకి చెప్పండి. "14 వచ్చింది, వాడి ఏసీ 14, క్లెరిక్ బ్లెస్ లేకపోతే తప్పేది." ఈ ఒక్క వాక్యానికి క్లెరిక్ ఆడేవాళ్లు వెలిగిపోతారు. మంత్రం వేసి పక్కన కూర్చున్నవాళ్లు ఆటలో ఉన్నారని వాళ్లకీ మిగతావాళ్లకీ తెలుస్తుంది. బ్లెస్ ఐదో ఎడిషన్‌లో ప్లస్ వన్ బదులు నాలుగు ముఖాల పాచిక కదా, దాన్ని క్లెరిక్ చేతే వేయించండి. మరిచిపోవడం కూడా తగ్గుతుంది.

సరే, ప్రశ్నలేమైనా?

(ప్రశ్న: పుస్తకంలో లేని పరిస్థితి వస్తే ఎంత బోనస్ ఇవ్వాలి?)

రెండు. మూడో ఎడిషన్ మాస్టర్ల పుస్తకంలోనే ఆ సలహా ఉంది, అనుకూలమైతే ప్లస్ టూ, ప్రతికూలమైతే మైనస్ టూ. డీ20 మీద రెండంటే పది శాతం. ఆటగాడు ప్రయత్నించడానికి సరిపోతుంది, ప్రతిసారీ అదే ఎత్తు వెయ్యాలనిపించేంత ఎక్కువ కాదు. ఐదో ఎడిషన్ నడిపేవాళ్లు అడ్వాంటేజ్ ఇచ్చేయండి. అప్పటికే అడ్వాంటేజ్ ఉండి, ఇందాక చెప్పిన ఇసుక లాంటి మంచి ఆలోచన ఎవరైనా చెబితే, ఇంకో పాచిక ఇవ్వకండి. దాని బదులు తగిలాక జరిగేది మార్చండి. శత్రువు వచ్చే వంతులో ఆ అమ్మాయి మీద కొట్టేటప్పుడు డిస్అడ్వాంటేజ్ అనండి.

(ప్రశ్న: మా గ్రూపులో ఒకతను ప్రతిదానికీ బోనస్ అడుగుతాడు. ఆట ఆగిపోతోంది.)

అతన్ని "ఎందుకు ఇవ్వాలి?" అని అడగకండి, వాదన మొదలవుతుంది. "దాని కోసం ఏం వదులుకుంటావ్?" అని అడగండి. చోటు మారాలి, డాలు దించాలి, అరిచి అందరి దృష్టీ తన మీదికి తెచ్చుకోవాలి, ఏదో ఒకటి. వదులుకోవడానికి ఒప్పుకుంటే ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి. ఏమీ వదులుకోనంటే ఏమీ లేదు, పాచిక వెయ్యమనండి. రెండు మూడు ఆటలకు అతనే "నేను డాలు పడేసి రెండు చేతులతో పట్టుకుంటా, ప్లస్ టూ ఇస్తావా?" అని అడగడం మొదలుపెడతాడు. ఇవ్వండి, తర్వాత వాడి ఏసీ తగ్గిందని గోబ్లిన్‌లకు కూడా తెలియనివ్వండి.

వెనక నాలుగు టేబుల్స్ వేసి ఉన్నాయి, షీట్లూ పాచికలూ అక్కడే ఉన్నాయి. మొదటిసారి ఆడేవాళ్లు కిటికీ పక్క టేబుల్‌కి రండి, అది నేను నడుపుతున్నాను.